దగ్గరికి జరిపిన ఫ్లాష్

నాన్నా,

నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఎలా ఉన్నావని అడగను. నేను బాగానే ఉన్నాను, స్టూడియో నడుపుతున్నాను. నీ కెమెరా, నీ ఫ్లాష్, నీ బోర్డు... అన్నీ అలాగే ఉన్నాయి. నీ మీద కోపం మాత్రం మొన్న ఆదివారం నుంచి కొత్తగా వచ్చింది.

ఆ రోజు ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. సంబంధాలకు పంపడానికి ఫొటో కావాలంది. పిల్ల నాలాగే నలుపు. పొద్దున్నే భావనపాడు తీరానికి తీసుకెళ్లి, సముద్రం మీది ఎండ వెనక నుంచి పడేలా నిలబెట్టాను. ఫ్లాష్‌ను కెమెరా మీద కాకుండా స్టాండుకు బిగించి, వెలుగు మెత్తబడేలా తెల్ల గొడుగు తగిలించి పక్కన పెట్టాను. గాలికి గొడుగు ఆగలేదు. స్టాండు పట్టుకోమని ఆ తల్లికే ఇచ్చాను.

నాలుగు తీసి చూసుకుంటే, ఒకదాన్ని మించి ఒకదాంట్లో పిల్ల ముఖం వెలిసిపోతోంది. ఫ్లాష్ పవర్ నేను ముట్టుకోలేదు. తలెత్తి చూశాను. ఆవిడ స్టాండుతో సహా ఒక్కో అడుగే ముందుకు జరుగుతోంది.

ఎందుకమ్మా అంటే ఏమందో తెలుసా?

"మా పెద్దగుంటకి, దీని అప్పకి తీసినప్పుడు మీ నాయినే సెప్పేడమ్మా. లైటు దగ్గరికి లాగితే నలుపు సచ్చిపోతాది, మా పిల్లకీ అలగే తీసినాను అన్నాడు."

మా పిల్లకీ అలాగే...

పన్నెండేళ్ల కిందట అదే ఇసుకలో నాకు తీశావు. ఆ ఫొటో చూసి గరివిడి నుంచి పెళ్లివారు వచ్చారు. నేను కాఫీలతో రాగానే పెళ్లికొడుకు తల్లి ఫొటోను నా ముఖం పక్కన పెట్టి చూసింది. ఇందులో పిల్లేదీ అని అడిగింది. కాఫీ ముట్టకుండా లేచిపోయారు.

నిన్ను అడిగాను. "నానేటి సేస్తానే? ఎండెక్కువైపోనాది, లైటు అలగ పడిపోనాది" అన్నావు.

నమ్మాను. లైటు నీ చేయి దాటిపోవడం ఎప్పుడూ చూడకపోయినా నమ్మాను. నువ్వు నొచ్చుకున్నావని నేనే అన్నం కలిపి పెట్టాను! నువ్వు తిన్నావు కూడా.

మంచాన పడ్డ ఆరు నెలల్లో ఒక్కరోజైనా చెప్పొచ్చు కదా? నాకు పెళ్లి కాదని భయపడి అలా తీశావా? లేక నన్ను కెమెరాలోంచి చూసిన ప్రతిసారీ నీకూ...

ఆవిడ చేతిలోంచి స్టాండు లాక్కున్నాను. వెనక్కి జరిపి, దాని కాళ్లు ఇసుకలో పాతి, పవర్ తగ్గించి మళ్లీ తీశాను. కెమెరా తెర మీద ఆ పిల్ల తన ముఖాన్ని చాలాసేపు చూసుకుంది. "ఇదే ఇయ్యక్కా" అంది. వాళ్లమ్మ మాత్రం "మీ నాయిన పేరు సెడగొడతన్నావు" అని తిట్టి, పిల్లను ఆటో ఎక్కించింది. బుధవారం ఆ పిల్ల ఫోన్ చేసి పంపమంటే పంపాను. వాళ్లమ్మ ఇంకోచోట తీయించిందేమో, పెళ్లివారికి ఏ ఫొటో వెళ్లిందో తెలియదు.

నీ పేరు చెడితే చెడనీ.

వచ్చే నెల నీ సంవత్సరీకం. వంటవాళ్లకు చెప్పాను. చుట్టాలందరినీ పిలుస్తాను, ఏ లోటూ రానివ్వను. అందరూ నీ పటానికి దండం పెడతారు. నేను పెట్టను. పొరపాటున మరిచిపోయిందనుకుంటావేమో... కాదు.

పైడి