ఒక్క పూట పొగకు అనుమతి

సుక్మా జిల్లా ఆహార అధికారి గారి సముఖమునకు, కోంటా బ్లాకు, భేజ్జి దారిలోని రాళ్ళగూడెం నివాసి సారలమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గ్యాసు కనెక్షన్ పోకుండా, మా ఇంట్లో ఒక్క పూట కట్టెల పొయ్యి వెలిగించుకొనుటకు అనుమతి కోరుట గురించి.

తమరికి తెలుగు వచ్చునని విని తెలుగులో వ్రాస్తున్నాను. నాలుగో తరగతి వరకే చదివాను, తప్పులుంటే మన్నించవలెను.

1. మాది పొగ లేని ఊరని నిరుడు ప్రకటించినారు. ఆ మాట మా ఇంటి గోడ మీదనే రాసి ఉన్నది. రాసింది నా బిడ్డ రేణుక. పొగకు నా కళ్ళు కారుతుంటే చూడలేక గ్యాసు పెట్టించింది కూడా అదే. పాత పొయ్యిని తన చేత్తోనే పగలగొట్టింది.

2. గ్యాసు బండి వాగు అవతలే ఆగుతుంది. ఈ నెల వానల్లో రేణుక సిలిండరు సైకిలుకి కట్టుకొని వాగు దాటుతుంటే నీళ్ళు తోసుకుపోయినవి. తాడు తెగి సిలిండరు తేలింది, ఆ సాయంత్రమే దొరికినది. నా బిడ్డ మూడో నాడు దొరికినది.

3. ఆ సిలిండరు మీదనే వండుతున్నాము. వెలిగించినప్పుడల్లా సుయ్యిమని వాగు వినిపిస్తుంది. కట్టేసినా వినిపిస్తుంది.

4. ఎల్లుండి పదకొండో రోజు. ఆ రోజు మేము ఇంటి పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి నేల మీద పరిచి తలుపు మూస్తాము. మర్నాడు అడుగు పడి ఉంటే పోయిన మనిషి ఇల్లు చేరినట్టు. గ్యాసుకు బూడిద ఉండదు అయ్యా. పక్క ఊరి నుంచి తెస్తానంటే మా బావ సీతయ్య ఒప్పుకోలేదు. "ఎవరింటి బూడిద పరిస్తే పిల్ల ఆళ్ళింటికే పోతది సారలమ్మా. నీ పొయ్యిదే కావాలె" అన్నాడు.

5. పంచాయతీ సచివ్ గారిని అడిగాను. "నియమ్ అంటే నియమ్ అమ్మా. గోడ మీద రాసున్న ఇంట్లనే పొగ లేస్తే ఎట్ల? కనెక్షన్ బంద్ అయితది. బూడిదే గదా, కోంటా బజార్ల హోటల్ కాడ సంచెడు దొరుకుతది" అన్నారు. "హోటల్ బూడిదకు నా బిడ్డ ఎందుకొస్తది సారూ" అన్నాను.

కనెక్షన్ పోతే, నా బిడ్డ దేని కోసం వాగు దాటిందో అదే లేకుండా పోతుంది. బూడిద లేకపోతే అది వాగులోనే ఉండిపోతుంది. కావున ఒక్క పూటకు ముద్ర వేసిన కాగితం ఇప్పించుటకు ఈ తల్లి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సారలమ్మ

మళ్ళీ వ్రాయునది: ఈ అర్జీ తెస్తే తమరు దౌరాలో ఉన్నారు, ఊళ్ళు తిరిగి ఎప్పుడొస్తారో తెలియదన్నారు. పదకొండో రోజు ఆగలేదు. మూడు రాళ్ళు పెట్టి కట్టెలు వెలిగించాను. పొగ అందరూ చూశారు. బూడిద ఇల్లంతా పరిచాను. తెల్లారి తలుపు తీస్తే ఆ రాళ్ళ దగ్గర ఏమీ లేదు. గ్యాసు పొయ్యి ముందర ఒక్క అడుగు ఉన్నది. వేళ్ళున్నాయి, మడమ లేదు. పొయ్యి పెట్టిన గట్టు నా బిడ్డకు ఎత్తు, ఎప్పుడూ మునివేళ్ళ మీద నిలబడే వండేది.

గ్యాసు తీసుకుపోవడానికి మనుషుల్ని పంపితే, చెప్పులు బయట విడిచి గోడవారగా నడవమనండి. నేనూ అట్లనే నడుస్తున్నాను. ఇంకా ఇల్లు ఊడవలేదు.