పుస్తకంలో అమ్మమ్మ అయిన అవ్వ

షార్జా

అక్కకు తమ్ముడు గంగరాజం నమస్కరించి రాస్తున్నది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, మానస క్షేమమని తలుస్తున్నాను. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? పొద్దంతా బీడీలు చుడుతూ కూర్చోకు. చెబితే వినవు. ఇక్కడ ఎండ సంగతి అడగకు, నీడలో నిలబడినా అంగీ పిండుకోవాలి. వంట వంతులవారీగా చేసుకుంటున్నాం. మా గదిలోని రుద్రంగి నర్సయ్య వంతు వచ్చిందంటే ఆ రోజు ఆకలే చచ్చిపోతుంది. నా గురించి రంది పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మానస కాలేజీ నుంచి తెచ్చిన పుస్తకంలో నా మాటలు చదివి వినిపించిందట. "అవ్వను అమ్మమ్మను చేసిండు. కన్నతల్లి సచ్చిపోయిందని చెప్పుకునుడు గూడ నామోషైందా వానికి?" అన్నావని బావ చెప్పాడు. అది విన్నప్పటి నుంచి ముద్ద దిగడం లేదక్కా.

జరిగింది విను. ఒక శుక్రవారం మా క్యాంపుకు కడప వైపు మేడం ఒకామె వచ్చింది. మన దిక్కు నుంచి వలస వచ్చినవాళ్ల మీద పుస్తకం రాస్తోందట. మంచి మనిషి, మాతో పాటు చాప మీదే కూర్చుని మా మాటలు రికార్డు చేసుకుంది. నేను చెప్పింది ఇదే: "మా అవ్వ సచ్చిపోతే పోలే మేడం. సెలవియ్యలే. తెల్లారి డ్యూటీకి వోయిన." వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో అట. అందరికీ అర్థం కావాలని "మా అమ్మమ్మ చనిపోయింది, మర్నాడే పనికి వెళ్లాను" అని అచ్చు వేశారు. దాని కిందనే, ఈ ప్రాంతం మగవాళ్లు ఎడబాటుకు అలవాటు పడినవాళ్లని, చావు కబురుకు కూడా చలించరని ఒక పేజీ రాశారు. నర్సయ్య చదివి, "గీ రాతిగుండెలోళ్లు ఎవల్రా? మనమేనా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు పరంజా మీద నేను ఎంత ఏడ్చానో వాడికి తెలుసు.

మేడాన్ని తిట్టబుద్ధి కాలేదు. నేను మాత్రం? ఉత్తరం అనేసరికి బడిలో నేర్పిన మాటలే రాస్తున్నాను. నీతో ఎన్నడైనా ఇలా మాట్లాడానా?

మేడానికి ఫోన్ చేసి చెప్పాను. పాపం, చాలా బాధపడింది. మళ్లీ అచ్చు వేసేటప్పుడు "అమ్మ" అని దిద్దుతానంది. "వద్దు మేడం, అవ్వ అనే ఉండనియ్యుండ్రి. అమ్మా అని పిలిస్తే మా అవ్వ పలుకది" అన్నాను. ఇప్పుడు ఏమని పిలిచినా పలకదు కదక్కా.

అవ్వ పోయిన మూడో రోజు పిట్టకు ముద్ద పెడితే కాకి ఎంతసేపటికీ ముట్టలేదని, "తమ్ముడు అస్తడే అవ్వా" అని నువ్వు మాటిచ్చాకే ముట్టిందని ఏడ్చుకుంటూ చెప్పావు. సెలవు దొరకగానే వస్తాను. అవ్వకు నువ్విచ్చిన మాట పోనివ్వను.

ఎవరైనా ఇటు వస్తుంటే ఇంత ఎల్లిపాయ కారం పంపు. బావకు, పెద్దమ్మకు నా దండాలు, మానసకు దీవెనలు. ఈ ఉత్తరం అందాక ఒక్కసారి ఫోన్ ఎత్తు. మంచిగా మాట్లాడకపోయినా సరే, తిట్టు. అవ్వ తిట్టినట్టే తిట్టు.

నీ దీవెన కోరే,
మన అవ్వ కొడుకు
గంగరాజం