మా ఊరు లాహోర్

ప్లెయిన్స్‌బరో
మార్చి 9

గిరిజకు,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. కొట్టివేత నీకు కనబడాలనే కాగితం మార్చలేదు. ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, చివరికి నేనే నిన్ను ఓదార్చాలి. కోఠి కాలేజీ రోజుల నుంచీ ఇదే వరస. ఈసారి నాకు ఓదార్చే ఓపిక లేదు.

మే నెలలో మీ అట్లాంటాలో జరిగే తెలుగు సభలకి 'మా ఊరు' అని పిల్లల కార్యక్రమం పెట్టింది నువ్వు. సాంస్కృతిక కమిటీకి అధ్యక్షురాలివి నువ్వు. "జస్లీన్‌ని పంపవే, దాని తెలుగు విని ఇక్కడి పిల్లలు సిగ్గుపడాలి" అని నా ప్రాణం తీసింది కూడా నువ్వే. పదమూడేళ్ల పిల్ల చలికాలమంతా కూర్చుని ప్రసంగం రాసుకుంది. అద్దం ముందు నిలబడి 'దర్వాజా'ని పలకడం నేర్చుకుంది. ఇప్పుడు ప్రోగ్రామ్‌లో దాని పేరే లేదు. అవినాష్ అని మీ కమిటీ మనిషి ఒక మెసేజ్ పడేశాడు: "మీ అమ్మాయి ఐటమ్ ఈసారి కుదరలేదు, సహకరించగలరు."

ఎందుకు కుదరలేదో నాకు తెలియదా? మీ వాట్సాప్ గ్రూప్‌లో నేనూ ఉన్నాను. "తెలుగు సభల్లో పాకిస్తాన్ ఊరేంటండీ?" అని ఒకాయన. "వాళ్లు సర్దార్జీలు కదా, అసలు తెలుగువాళ్లేనా?" అని ఒకావిడ. ఆ ఒకావిడ కొడుక్కి ప్రతి ఆదివారం మా క్లబ్‌హౌస్‌లో గుణింతాలు దిద్దించేది ఈ సర్దార్నీయే!

జస్లీన్ ఏడవలేదు. "అమ్మా, నేను ఏమైనా రాంగ్ రాశానా?" అని అడిగింది. దానికి జవాబు నువ్వు చెప్పు.

మంజీత్

———

అల్ఫారెట్టా
మార్చి 20

ప్రియమైన మంజీత్,

నువ్వు కొట్టేసినా నేను రాస్తాను.

ఐటమ్ తీసేయమని చెప్పింది నేనే. అవినాష్‌ని తిట్టకు, అతను నా మాటే చేరవేశాడు. గ్రూప్‌లో ఆ చెత్త రాసినవాళ్లతో నేను గట్టిగానే గొడవపడ్డాను. వాళ్లకి భయపడి మాత్రం తీయలేదు. అంతకంటే ఏమీ అడగకు. అడిగినా చెప్పను.

జస్లీన్ ఏ తప్పూ రాయలేదని దానికి చెప్పు. ఒక్క మాట. ప్రసంగంలో లాహోర్ బదులు అమృత్‌సర్ అని పెడితే, నేను రేపే దాన్ని మళ్లీ ప్రోగ్రామ్‌లోకి తెస్తాను. అదీ పంజాబే, అదీ పాత ఊరే. మీ ఆయన, హర్బన్స్ అన్నయ్య కూడా కాదనరనుకుంటాను. ఆలోచించు.

అన్నయ్య వేళకి తింటున్నారా?

నీ
గిరిజ

———

ప్లెయిన్స్‌బరో
మార్చి 28

గిరిజా,

అమృత్‌సరా? మీది మంథని. దాని బదులు కాళేశ్వరం మా ఊరని చెప్పుకోమంటే చెప్పుకుంటావా? అదీ గోదావరి ఒడ్డే, అదీ పాత ఊరే!

నీకు తెలిసిందే మళ్లీ చెబుతాను, ఎందుకంటే నువ్వు మరిచిపోయినట్టు నటిస్తున్నావు. మా తాతల తాత బేలా సింగ్ లాహోర్ మనిషి. రంజిత్ సింగ్ మహారాజు హైదరాబాద్ నవాబుకి సాయంగా పంపిన ఫౌజులో సిపాయి. ఆ ఊరి ఢిల్లీ దర్వాజా లోంచి బయటికొచ్చి, దక్కన్ దాకా నడిచి, మూసీ ఒడ్డున డేరా వేశాడు. మళ్లీ వెనక్కి పోలేదు. ఆ డేరాలే మా సిఖ్ ఛావనీ అయ్యాయి. అక్కడ పుట్టినవాళ్లందరం అలా వచ్చినవాళ్లమే. నువ్వు మా ఇంట్లో మా నానమ్మ చేతి సకినాలు తిన్నావు. పొద్దున జప్‌జీ ప్రార్థన చదివి, సాయంత్రం బతుకమ్మ ఆడిన మనిషి ఆమె. నిద్రలో పలవరిస్తే తెలుగులోనే పలవరించేది.

జస్లీన్ రాసుకున్నదేమిటో నువ్వు చదివావు కదా. ఒకప్పుడు రావి నది లాహోర్ కోటగోడల్ని ఒరుసుకుని పారేదని, తర్వాత నదే ఊరిని వదిలి పక్కకి జరిగిపోయిందని రాసింది. ఊరి చుట్టూ గోడ, గోడకి పదమూడు దర్వాజాలు. గోడని ఇంగ్లీషువాళ్లు పడగొట్టారు, దర్వాజాలు కొన్నే మిగిలాయి. వజీర్ ఖాన్ మసీదు గోడల మీద నీలం, పసుపు పలకలతో పువ్వులు. కోటకి ఎదురుగా పెద్ద మసీదు, దాని పక్కనే మహారాజు సమాధి, ఆ పక్కనే గురుద్వారా. "అక్కడ నిలబడి తల తిప్పితే చాలు, అన్నీ కనిపిస్తాయట. నేను చూడలేదు. మా అమ్మ చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కానీ మా ఊరు అదే" అని ముగించింది. ఇందులో మీ సభల పరువు తీసే మాట ఏదో వేలు పెట్టి చూపించు.

ఇక్కడి గురుద్వారాలో ఆడవాళ్లు నా పంజాబీ విని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతారు, మద్రాసీవా అంటారు. మీరేమో తెలుగువాళ్లేనా అంటారు. రెండు గుమ్మాల ముందూ నిలబెడితే మనిషి ఎక్కడ కూర్చోవాలి? చెప్పుల దగ్గరా?

కారణం అడగవద్దన్నావు. సరే, అడగను. పిరికిదానివి నువ్వు. ఆ కుర్చీ కోసం నా కూతురిని పక్కకి తోశావు. మా ఆయన తిండి సంగతి నీకెందుకు? ఆయన బాగానే ఉన్నారు. ఇక ఉత్తరాలు రాయకు.

మంజీత్

———

అల్ఫారెట్టా
జూన్ 2

ప్రియమైన మంజీత్,

రాయవద్దన్నావని ఏప్రిల్, మే ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు.

సభలు అయిపోయాయి. జస్లీన్ మాట్లాడాల్సిన వేళకి ఒక రియల్ ఎస్టేట్ ఆయన వచ్చి తన వెంచర్ గురించి చెప్పుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను హాల్ బయటికి వచ్చి నిలబడ్డాను. మర్నాడు కమిటీకి రాజీనామా ఇచ్చాను. నీ మెప్పు కోసం కాదు, అక్కడ ఇంక కూర్చోబుద్ధి కాలేదు.

నువ్వేమైనా అను, పడతాను. కానీ 'పిరికిది' అన్నావు చూడు, అది మాత్రం పడను. నాకూ కోపం వస్తుంది మంజీత్. పాతికేళ్లకి పైగా నన్నెరిగినదానివి. కుర్చీ కోసం నీ పిల్లని తోసేస్తానని నీకెలా అనిపించింది? ఎవరో చెబితే నమ్మావంటే సరే, నీ అంతట నువ్వే ఎలా నమ్మావు? నేను నీకు చెప్పలేకపోయినది ఒకటి ఉంది. అది నాది కాదు, అందుకే చెప్పలేను. మాట ఇచ్చాను. ఇంతకంటే ఒక్క అక్షరం రాసినా ఆ మాట తప్పినట్టే.

జస్లీన్‌కి నా ముద్దులు. తీసుకోనంటే తర్వాత తీసుకోమను.

గిరిజ

———

ప్లెయిన్స్‌బరో
జూన్ 24

ప్రియమైన గిరిజా,

కొట్టేయలేదు, చూసుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజు భోజనాల దగ్గర అది చదివి, మళ్లీ నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. "రాజీనామా చేసిందట, మహా త్యాగం!" అన్నాను. హర్బన్స్ చేతిలో రొట్టె కంచంలో పెట్టేశారు.

"గిరిజను తిట్టకు. ఫోన్ చేసి, సంగతంత చెప్పి తీసేయమన్నది నేను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న."

నేను ఆయన్ని ఏమేమి అన్నానో రాయను. పక్కింటివాళ్లు గోడ తట్టారంటే చూడు. నేను అలిసిపోయాక ఆయన అసలు సంగతి చెప్పారు.

న్యూయార్క్‌లో ఆ భవనాలు కూలిన సంవత్సరం ఆయన ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నారు. ఎఫ్-1 వీసా, చేతిలో ఏమీ లేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం కిరాణా సంచులతో నడిచి వస్తుంటే ముగ్గురు ట్రక్ ఆపారట. ఎక్కడివాడివని అడిగారట. "హైదరాబాద్" అన్నారట ఈయన. అది పాకిస్తాన్‌లోదే కదా అని వాళ్లలో ఒకడు అన్నాడట. అక్కడా ఒక హైదరాబాద్ ఉంది మరి. పాగా లాగి కాళ్ల కింద వేసి తొక్కారు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఇండియాకి ఫోన్ చేసి మెట్ల మీద జారిపడ్డానని చెప్పారట. మా పెళ్లి చూపులకి వచ్చే ముందు దాకా పాగా బదులు టోపీ పెట్టుకునే తిరిగారట. ఇన్నేళ్లు నా పక్కన పడుకున్న మనిషి! వాన పడినప్పుడల్లా ఎడమవైపు పట్టుకుంటుంటే వాయువు అనుకుని వాము నీళ్లు కాచి ఇచ్చాను.

"గ్రూప్‌లో ఆ మాటలు చూసిన. సభల వీడియో యూట్యూబ్‌లో పెడతరు. రేపు ఎవడన్న బిడ్డను ఆపి అడిగితే? మా ఊరు లాహోర్ అని ఇది చెప్పిందే చూపిస్తే?" అన్నారు.

జస్లీన్ మెట్ల మీద కూర్చుని అంతా విన్నదని మాకు తెలియదు. కిందికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. నాన్న మీద అరుస్తుందని భయపడ్డాను. మెల్లగానే అంది.

"నాన్నా, నువ్వు హైదరాబాద్ అనే చెప్పావు కదా. అయినా కొట్టారు."

ఆయన కంచం పక్కకి జరిపి లేచి వెళ్లిపోయారు.

నిన్న మా ఆదివారం బడికి ఈ ఏడాది చివరి తరగతి. జస్లీన్ మాట్లాడుతుందని పిల్లలకి చెప్పాను. ఎవరి అనుమతీ అడగలేదు. గ్రూప్‌లో రాసిన ఆ ఒకావిడ కూడా వచ్చింది, కొడుకు పక్కన కూర్చుంది. హర్బన్స్ మమ్మల్ని దింపి కారులోనే ఉండిపోయారు. "మీరు పోండి, నేను ఇక్కడ కూర్చుంట" అన్నారు. బయట వాన.

జస్లీన్ ముందుకొచ్చి నిలబడింది. బయట కారు వైపు చూసింది. "ఒక్క నిమిషం" అని తలుపు తీసుకుని వానలోకి నడిచి కారెక్కింది. నేను అద్దం తలుపు దగ్గర నిలబడి చూశాను. మాట వినబడలేదు. చేతులు కనబడ్డాయి. ఒక చేత్తో గోడ కట్టింది, నదిని పక్కకి జరిపింది, వేళ్ల మీద దర్వాజాలు లెక్కపెట్టింది. ఆయన స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూనే ఉన్నారు. చివరికి దాని వైపు తిరిగారు. కళ్లజోడు తీశారు.

ఇద్దరూ గొడుగు లేకుండా వచ్చారు. హర్బన్స్ పాగా తడిసి నుదుటి మీదికి నీళ్లు కారుతున్నాయి. వెనక ఉన్న చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఎవరో టవల్ ఇవ్వబోతే వద్దన్నారు.

"మా ఊరు లాహోర్" అని జస్లీన్ మొదటి నుంచి మొదలుపెట్టింది.

నీ మీద కోపం పోయిందనుకోకు. మా ఇంటి దుఃఖాన్ని మీరిద్దరూ నా నుంచి దాచి, నేను మోయలేనని తేల్చేశారు. అది మరిచిపోను. నిన్ను పిరికిదన్నందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను, నన్ను నమ్మనందుకు నిన్ను తిడుతున్నాను. కాగితం మీద ఇక చాలదు. టికెట్ బుక్ చేసుకుని రా. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి తిట్టాలి.

ఇంకా కోపంగానే,
నీ
మంజీత్