కాలరు మీద రంగు

అమ్మా,
ఇద్దరం కులాసా, బెంగపడకు. నువ్వు రాశావని చెల్లిని మా పళ్ల ఆసుపత్రిలో ఉద్యోగానికి రమ్మన్నాను. "ఉద్యోగం వద్దక్కా, నాటకంలో డాక్టరు వేషానికి నీ తెల్లకోటు ఇయ్యి చాలు" అని పట్టుకుపోయింది. వెళ్లి చూశాను. అది "భయపడకండి" అనగానే హాలంతా చప్పట్లు! అదే మాట రోజుకి నలభైసార్లు నేనంటే నా వేలు కొరుకుతారు. కుళ్లుకోనా మరి? చిన్నప్పుడు అద్దం ముందు వేషాలన్నీ నావేగా!

నాన్న కట్టుడు పళ్లు నీళ్లలో వేస్తున్నారా?

కోటు తిరిగొచ్చింది, కాలరుకి దాని మొహం రంగుతో సహా. ఉతకబుద్ధి కాలేదు. ఇవాళ అదే తొడుక్కుని, అచ్చం దానిలాగే "భయపడకండి" అన్నాను. నోరు తెరిచిన ముసలాయన తెరిచినట్టే నవ్వాడు. చప్పట్లు మాత్రం కొట్టలేదు.

దాని దగ్గర ఇక ఉద్యోగం మాట ఎత్తకు.

నీ పెద్దది