తడపాల్సిన గోడలు

మొగల్తూరు, శుక్రవారం

అక్కకి వందనాలు. ఫోన్‌లో నీకు మాట సరిగా వినపడటం లేదని కార్డు రాస్తున్నాను.

ముసురు పట్టినా ఇంటి పని ఆగలేదు. ఇవాళ ముందుగది గోడల పాత ప్లాస్టరింగ్ చెక్కేశారు. కొత్తది వేశాక రోజూ తడపాలి గనక మనిషి ఇంట్లోనే ఉండాలంటాడు మేస్త్రి అచ్చిబాబు. దుమ్ముకి లేసు దారం మాసిపోతే అల్లినవి కొనేవాళ్ళు వెనక్కి పంపేస్తారని నీ మరదలు బేబి భయం. అందుకని చర్చి వెనక ఒక గది అద్దెకి తీసుకున్నాం.

పని మొదలుపెట్టే రోజున ప్రార్థనకి పాస్టరుగారిని పిలిచాను. ఆయన దారిలో మా మంచాలున్న ఆటో చూసి, పిలిచింది గృహప్రవేశానికి అనుకుని, దాని వెనకే వెళ్ళి అద్దె గదిలో ప్రార్థన చేసేశారు.

"ఆశీర్వదించిన గదిని ఖాళీగా ఉంచుతామేంటండి?" అంటుంది బేబి.

"ప్రార్థన లేకుండా పని మొదలైన ఇంటిని వదిలేసి పోదామా?" అన్నాను.

ఇద్దరికీ ఏమీ తోచక మంచాలు మళ్ళీ వెనక్కి తెచ్చాం. "మంచాలకి చక్రాలు బిగించమంటారేంటండీ?" అని అచ్చిబాబు ఒకటే నవ్వు.

మీ ఇల్లు బాగుచేయించినప్పుడు మీరు అందులోనే ఉన్నారా? వంట ఎక్కడ చేసుకున్నారు? వెంటనే రాయి. ఏ ఇంటికి రాయమనాలో నాకే తెలియడం లేదు, చర్చి అడ్రసుకి రాయి. బావగారి మోకాలు ఎలా ఉంది? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

తమ్ముడు యెహెజ్కేలు

తా.క. ఒక మంచం నాకు వదిలి, దారం సంచి తీసుకుని, బేబి సాయంత్రం వాన తెరిపిచ్చాక అద్దె గదికి వెళ్ళింది.