తవుడు లేని బియ్యం

అమ్మకి సలాం.

ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, నువ్వు చూసుకునే ఆ ముసలావిడా కులాసాగా ఉండాలి. ఈ రెండు వాక్యాలూ అమ్మమ్మ నా ఎదురుగా కూర్చుని రాయించింది. చదివి వినిపించి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. మిగతాది సోమవారం మధ్యాహ్నం స్కూలు లైబ్రరీలో రాస్తున్నాను. వెనక నుంచి ఎవరూ తొంగిచూడకుండా, చివరి బల్ల దగ్గర గోడకి వీపు ఆనించి కూర్చున్నాను.

తూతి అక్క శనివారం తైవాన్ విమానం ఎక్కుతోంది. తన చేతికే ఇస్తాను. కవరు అంటించి పైన టేపు కూడా వేస్తాను. టేపు చిరిగి ఉంటే నాకు చెప్పు. తూతి అక్క మంచిదే, కానీ దారి పొడవు.

ఫోన్లో ఎందుకు చెప్పలేదంటావేమో. మనకి సిగ్నల్ దొరికేది కర్రపెండలం గట్టు మీద కదా. నేను ఫోన్ పట్టుకుని అటు వెళ్తే చాలు, పక్కింటి చిచిహ్ పిన్ని పక్క మడిలో కలుపు తీయడానికి వచ్చేస్తుంది. కలుపు లేని రోజు కూడా.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెప్తాను. అమ్మమ్మ మణికట్టు అతుక్కుంటోంది. చేపల చెరువు మెట్టు మీద జారినప్పటి వాపు తగ్గింది, పట్టు మాత్రం రాలేదు. ఎడం చేత్తోనే కారం నూరుతోంది, నూరుతూ అందరినీ తిడుతోంది. రెయిన్‌కోటు బాగుంది, చేతులు కొంచెం పొడుగు. ఇంగ్లీషు స్పీచ్ టెస్టులో క్లాసులో రెండోదాన్ని. మొదటి అమ్మాయి వాళ్ళ నాన్న హోటల్ మేనేజరు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడతారు, కాబట్టి నేనే మొదటిదాన్నని అనుకో. నాన్న పోయిన నెల టాంగెరాంగ్ పని నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళాడు. అప్పటికి ఇదేదీ బయటపడలేదు.

మిమిన్ అత్త ఫోన్ దగ్గరికి ఎందుకు రావడం లేదని రెండుసార్లు రాశావు. రావడం లేదు కాదమ్మా, రానివ్వడం లేదు.

అమ్మమ్మ చెయ్యి విరిగినప్పటి నుంచి బియ్యం దంచే పని నాది. ఎంటిస్ మామయ్య పొలానికి, అత్త వంటకి, నేను రోకలికి. వారానికోసారి అమ్మమ్మ గాదె తలుపు దగ్గర ధూపం వేసి, వడ్ల దేవత పొహాచి తల్లికి చెప్పుకుని, ఎడం చేత్తో వరి కట్టలు తీసి నా చేతిలో పెట్టేది. నేను తెల్లవారుజామున లేచి పెరటి చెక్క రోట్లో దంచి స్కూలుకి పోవాలి. అలా రెండు నెలలు గడిచాయి.

మూడు వారాల కింద, భోజనాల దగ్గర అమ్మమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది.

"ఇది మన బియ్యం కాదు," అంది.

మామయ్య నవ్వాడు. "నీ నోరు కూడా విరిగిందేంటమ్మా?"

అమ్మమ్మ లేచి బియ్యం డబ్బా తెచ్చి చేటలో పోసింది. గింజ గింజా వేళ్ళతో తిప్పి చూసింది. "దంచిన గింజకి ఎర్ర పొర ఉంటుంది. మొన ఉంటుంది. ఇవి చూడు, నున్నగా గాజు పూసల్లా ఉన్నాయి. ఇవి మరలో పట్టిన బియ్యం. బజారు బియ్యం."

అత్త సంబల్ కారం గిన్నెలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"మరి మన వడ్లేమయ్యాయి?" అంది అమ్మమ్మ, అత్త చెయ్యి వైపే చూస్తూ.

మన ఊళ్ళో వడ్లు అమ్మడమంటే ఏమిటో నీకు నేను చెప్పాలా. కడుపున పుట్టిన బిడ్డని తూకమేసి ఇచ్చినట్టు చూస్తారు. మన వడ్లు ఎవరో కింద టౌనుకి చేరేసి అమ్మి, బదులు బజారు బియ్యం డబ్బాలో పోస్తున్నారని అమ్మమ్మ లెక్క. అత్త బోగోర్ పట్నం పిల్ల. కొత్తగా వచ్చినప్పుడు "మా వైపు బియ్యం తెల్లగా ఉంటుంది" అని ఒక్కసారి అంది, గుర్తుందా? అది అమ్మమ్మ మర్చిపోలేదు.

అప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అమ్మమ్మ గాదె మెట్ల మీద బూడిద చల్లి పొద్దున్నే అడుగులు వెతుకుతోంది. గడియకి తన తల వెంట్రుక కట్టింది. అత్త బజారు నుంచి వస్తే సంచి ముందు అమ్మమ్మ చేతిలోకి వెళ్తుంది. మామయ్య పొలంలోనే తినేస్తున్నాడు. నిన్న నేను స్నానానికి వెళ్తూ వెనక్కి చూస్తే అమ్మమ్మ, వంటింటి కిటికీలోంచి అత్త, పక్కింటి కంచె మీంచి చిచిహ్ పిన్ని, ముగ్గురూ నన్నే చూస్తున్నారు. లేదా ఒకరినొకరు చూసుకుంటున్నారు. నాకు తెలీలేదు.

నేనూ అత్తని చూడటం మొదలుపెట్టాను. బజారు రోజున తను శాలువా కింద ఏదో దాచి చెరువు వెనక్కి వెళ్తుంది. ఒకరోజు అరటి చెట్ల మధ్య నక్కి నక్కి వెళ్ళాను. దొరికిపోయింది అనుకున్నాను. చూస్తే ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్టు. పచ్చివే, పొడి చల్లుకుని కరకర తింటోంది. నన్ను చూసి అదిరిపడింది. "అత్తయ్యకి చెప్పకే, పుణ్యముంటుంది. మీ ఇంట్లో ఆకులు తిని తిని మేకనైపోయాను," అని సగం నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను కూడా.

పంటల పండగకి ఇంకా రెండు వారాలుంది. ఈసారి గాదె తాళంచెవి తాడు అత్త చేతిలో పెట్టి గాదె అప్పగిస్తానని అమ్మమ్మ ఊరంతా చెప్పింది. ఇప్పుడు పెట్టదట. రేపు మంగళవారం ఊరి పెద్ద అబా కర్నా వచ్చి, అత్తని గాదె ముందు నిలబెట్టి అడుగుతారు. అలా నిలబెట్టాక ఏ కోడలైనా ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరిగిందా? మామయ్య ఆ తర్వాత తనని బోగోర్‌లో వాళ్ళ అమ్మ దగ్గర దింపేస్తానన్నాడు. మళ్ళీ తీసుకొస్తావా అని నేనడిగితే, రోలు వైపు చూశాడు. అత్త నిన్న బట్టలు సంచిలో సర్దేసుకుంది.

అమ్మా, ఇక్కడిదాకా చదివాక కాసేపు కాగితం కింద పెట్టు. ఆ ముసలావిడకి మందులిచ్చే టైమైతే ఇచ్చి రా. తర్వాత ఇది చదువు.

మన వడ్లు ఎవరూ అమ్మలేదు. మరకి తీసుకెళ్ళింది నేను.

మొదటి వారం నిజంగానే దంచాను. చేతులు మండిపోయాయి, ఒకరోజు మ్యాథ్స్ టెస్టులో పెన్ను పట్టుకోలేకపోయాను. వెనక బెంచీ అమ్మాయి నా జుట్టులోంచి ఊక తీసి అందరికీ చూపించింది. ఆ రోజు నిర్ణయించుకున్నాను. కట్టల్ని కాళ్ళతో నలిపి, గింజలు రాల్చి, స్కూలు బ్యాగులో రెయిన్‌కోటు కింద పెట్టుకుని టౌను మరలో పడేశాను. సాయంత్రం వచ్చేటప్పుడు బియ్యం తెచ్చుకున్నాను. ఆ తర్వాత ప్రతి వారం అంతే, డబ్బాలో పాత దంపుడు బియ్యంతో కలిపేసేదాన్ని, అందుకే అమ్మమ్మకి చాన్నాళ్ళు తెలీలేదు. కూలి కింద తవుడు వాళ్ళే ఉంచుకుంటారు. పది నిమిషాల పనమ్మా. నేను రెండు గంటలు చేసే పని, పది నిమిషాల్లో.

పొద్దున్నే రోకలి చప్పుడు వినపడకపోతే ఊరంతా అడుగుతుంది. అందుకని రోట్లో పాత ఊక పోసి ఉత్తినే దంచేదాన్ని. చిచిహ్ పిన్ని ఒకసారి కంచె అవతల నుంచి, "ఏంటే రిన్‌రిన్, ఇంగ్లీషులో దంచుతున్నావా? చప్పుడు తేడాగా ఉందే!" అని అరిచింది. నవ్వేశాను.

ఇంతవరకూ అయితే దెబ్బలతో పోయేది. అసలు సంగతి ఇంకోటి. అన్నం గొడవకి వారం ముందే అమ్మమ్మ నన్ను అడిగింది, "కోళ్ళకి తవుడేదే? ఇన్ని కట్టలు దంచితే చారెడు తవుడు కూడా రాదా?" అని. నోట్లోంచి వచ్చేసింది. "మిమిన్ అత్త తీసుకుంది," అన్నాను. "ఎటు తీసుకెళ్ళిందో తెలీదు."

అంతే. అమ్మమ్మ అనుమానానికి నారు పోసింది నేనే. అత్త నిజంగానే ఏదో ఒకటి దొంగిలిస్తూ దొరికితే నా అబద్ధం నిజమైపోతుందనే తన వెనక నక్కి వెళ్ళాను.

నాకు భయంగా ఉంది. చెప్తే స్కూలు మానిపిస్తారేమో. నువ్వు అక్కడ ఇంకొకరి తల్లికి స్నానం చేయించి కడుతున్న స్కూలు. చెప్పకపోతే రేపు అత్త గాదె ముందు నిలబడాలి. బెల్లు కొట్టారు. బస్సు దిగి ఇంటికి నడిచేలోపు ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి.

* * *

ఇవాళ శుక్రవారం. మళ్ళీ అదే బల్ల.

చెప్పేశాను. సోమవారం సాయంత్రమే. అమ్మమ్మ వరండాలో జెంకోల్ గింజలు ఒలుస్తోంది. బ్యాగు దింపకుండానే, "అమ్మమ్మా, బియ్యం మరలో పట్టించింది నేను," అన్నాను.

తను తల కూడా ఎత్తలేదు. "మిమిన్ చెప్పమందా?"

"లేదు. నిజంగా నేనే."

"ఏమిస్తానంది? ఫోనా?"

"అమ్మమ్మా, ఒట్టు. టౌన్లో బ్రిడ్జి పక్కన మర. నీలం తలుపు. అక్కడాయన చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటాడు..."

"దాంతో కలిసి వెళ్ళుంటావు. అందుకే తెలుసు." అప్పుడు చూసింది నా మొహం. "పసిపిల్లని పంపించింది చూడు, ఎంత గడుసుది."

నాకు ఏడుపొచ్చింది. నెల రోజులు అబద్ధాన్ని ఒక్కరూ అనుమానించలేదు, నిజం చెప్తే నమ్మే మనిషి లేదు. చెప్పిందే మళ్ళీ చెప్పాను, ఊక దంచిన సంగతి కూడా. ఊక మాట వినగానే అమ్మమ్మ గింజలు పక్కన పెట్టింది.

"చేతులిటు తే."

ఇచ్చాను. బొటనవేలితో నా అరచేతులు రుద్దింది, వేళ్ళ మొదళ్ళ దగ్గర గట్టిగా నొక్కింది. చాలాసేపు. వడ్లు ఎండాయో లేదో చూసినట్టు.

"రెండు నెలలు దంచిన చెయ్యి కాదిది," అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "తవుడు?"

"అబద్ధం చెప్పాను."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "మిమిన్, ఎంటిస్, ఇలా రండి," అని పిలిచింది. ఇద్దరి ముందూ నా చేత మళ్ళీ మొత్తం చెప్పించింది. మామయ్య మధ్యలోనే బయటికి వెళ్ళిపోయాడు. అత్త ఏడవలేదు, అరవలేదు. చేతి తడి నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటూ అడిగింది.

"ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం కదే. కోళ్ళు తినేశాయని చెప్పొచ్చు, ఎలకలు తినేశాయని చెప్పొచ్చు. నా పేరే ఎందుకు చెప్పావు?"

అమ్మా, అప్పుడు కూడా అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది నా నోట్లో. మింగేశాను.

"నీ పేరైతే వెంటనే నమ్ముతారని," అన్నాను.

అత్త నా వైపు కాదు, అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ ఒలిచిన గింజల్ని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.

మంగళవారం అబా కర్నా వచ్చారు. అత్తని కాదు, నన్ను నిలబెట్టారు, నా పక్కన అమ్మమ్మని కూడా. పొహాచి తల్లికి క్షమాపణ చెప్పించారు. "యంత్రానికి ఆకలుంటుందా తల్లీ? మరి దానికెందుకు పెట్టావు మన గింజ?" అన్నారు, అంతే. మరపట్టిన బియ్యం పారెయ్యకూడదు, మిగతావాళ్ళు తినకూడదు. అయిపోయేదాకా నేనొక్కదాన్నే వేరే కుండలో వండుకుని తినాలి. స్కూలు మానిపించలేదు. నువ్వు ఏం చెప్తే అదన్నారు. కాబట్టి అది నీ చేతిలో ఉంది.

అత్త వెళ్ళలేదు. కానీ సర్దిన సంచి విప్పలేదు, మంచం కిందే ఉంది. అమ్మమ్మ తాళంచెవి తాడు ఇవ్వబోతే, "పండగ రోజు నలుగురి ముందు ఇవ్వండి. ఇప్పుడు తీసుకుంటే దొంగిలించానంటారు," అంది. నేను వడ్డిస్తే తినడం లేదు. నీళ్ళిచ్చినా గ్లాసులోకి ఒకసారి చూసి తాగుతోంది. చూడనీ. నేను తనని అరటి చెట్ల వెనక నుంచి చూశాను కదా.

చిచిహ్ పిన్నికి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. ఇప్పుడు వాళ్ళ కోడి కనపడకపోయినా నన్నే అడుగుతోంది.

నీ నుంచి ఒకటే కావాలి. ఈసారి ఫోన్ చేసినప్పుడు నన్ను అడగొద్దు, అమ్మమ్మని అడగొద్దు. ముందు మిమిన్ అత్తని పిలవమను. గట్టు మీద అందరూ వినేలా పిలవమను. తను ఏం చెప్తే అది నమ్ము.

ఇవాళ పొద్దున్న రోటి దగ్గరికి వెళ్ళేసరికి అత్త అప్పటికే అక్కడుంది, రెండో రోకలి పట్టుకుని. ఇద్దరు దంచేటప్పుడు ఒకరిది లేస్తుంటే ఒకరిది దిగాలి కదా, కొంచెం తేడా వస్తే రోకళ్ళు ఢీకొని వేళ్ళు నలుగుతాయి. నేను ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు ముందు వెయ్యి," అంది. "నేను చూసి వేస్తాను."

వేశాను. తను వెయ్యలేదు. మళ్ళీ ఎత్తి వేశాను. తను నా చేతులే చూస్తోంది. మూడోసారి వేసి రోకలి పైకి లాగుతుంటే, సరిగ్గా ఆ సందులోకి తన రోకలి దిగింది. వడ్లు అయిపోయేదాకా ఒక్క దెబ్బా తప్పలేదు.

ఒళ్ళు జాగ్రత్త. అక్కడి చలికి నడుముకి గుడ్డ చుట్టుకో.

ఇట్లు,
అరచేతుల నిండా బొబ్బలతో,
నీ కూతురు
రిన్‌రిన్