నవ్వక్కర్లేని గది

సరళక్కా,

నీకూ బావకూ నమస్కారాలు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చిన్నోడి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఫోన్లో చెబుదామంటే అమ్మ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే రాస్తున్నాను.

పుదుచ్చేరి వచ్చి ఆరు నెలలైనా ఈ ఉక్కపోత అలవాటు కాలేదు. పొద్దున కట్టుకున్న చీర హోటలుకు చేరేలోపే ఒంటికి అతుక్కుపోతుంది. ఉప్పళం పేటలో నా గది కిటికీ తీస్తే పక్కింటి గోడ. అన్నం సయిస్తోంది, సాంబారే సయించడం లేదు. బాగానే ఉన్నాను, నిజం.

సంగతేమిటంటే, హోటల్లో నన్ను రిసెప్షన్ నుంచి తీసేశారు. ఉద్యోగం పోలేదులే.

ఇక్కడికి వచ్చేవాళ్ళంతా సంతోషం కోసమే వస్తారు. వాళ్ళను చూసి నేను రోజంతా నవ్వుతూ ఉండాలి. మేనేజరు ఇక్కడి తెలుగాయనే. "ఏందమ్మా, మొగం అట్ట పెట్టుకుంటే గెస్టులు మళ్ళా వస్తారా?" అని రోజూ ఒకటే పోరు.

పోయిన వారం ఒక జంట దిగింది. గదిలో మొదలైన వాళ్ళ గొడవ నా బల్ల దాకా వచ్చింది. భర్త విసురుగా వెళ్ళిపోయాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ మనసుకు హాయిగా ఉండే చోటు ఎక్కడుందండీ?" అని అడిగింది. బీచికి దారి చెబితే సరిపోయేది. నాకేమైందో, "తెలియదండీ. నేనొచ్చి ఆరు నెలలైంది, ఇంకా కనబడలేదు" అన్నాను. వెనకే ఉన్న మేనేజరు విన్నాడు. సాయంత్రానికల్లా నన్ను కింద దుప్పట్ల గదికి పంపేశాడు. డిగ్రీ చదివి దుప్పట్లు మడవడమా అని మెట్లు దిగుతూ ఏడ్చాను.

కింద కాంతమ్మ అని ఒక పెద్దావిడ. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. మాట వచ్చు, చదవడం రాదు. పొద్దస్తమానం ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటుంది. చెరో కొస పట్టుకుని దుప్పటి విదిలిస్తే ఇసుక బుట్టెడు రాలింది. "ఏంది పిల్లా ఇది! సంతోషమని వస్తారు, సముద్రాన్నంతా మంచం మీదికి మోసకొస్తారు. ఆడ ఇంకేమన్నా మిగిలిందేమో చూసి రా పో" అంది. నాకు నవ్వు ఆగలేదు. దుప్పటి జారి తడి నేల మీద పడింది. "ఇంగ నువ్వే ఉతుకు" అంది, తనూ నవ్వుతూనే. అక్కా, ఈ ఊరొచ్చాక నేను గట్టిగా నవ్వింది అప్పుడే. నవ్వమని ఎవరూ చెప్పలేదు.

నిన్న మేనేజరు వచ్చి, "పైకి వచ్చేయమ్మా, సీజను" అన్నాడు. రానన్నాను. "యాడన్నా ఉందా ఈ చోద్యం!" అంటూ వెళ్ళిపోయాడు. నాకూ మండుతూనే ఉంది. నేనొచ్చింది దుప్పట్లు మడవడానికి కాదు కదా. సారం అనే పేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం అడిగి వచ్చాను. అక్కడ దొరికేదాకా కిందే ఉంటాను. అమ్మకు మాత్రం చెప్పకు.

వీలైతే కందిపొడి పంపు. నాన్నకూ అమ్మకూ నా దణ్ణాలు. పెద్దమ్మను అడిగానని చెప్పు. నా కొత్త ఉద్యోగం కోసం నువ్వూ దణ్ణం పెట్టుకో.

అన్నట్టు, నా చోటులోకి వచ్చిన కొత్తమ్మాయి ఈ మధ్యాహ్నం కిందికి దిగివచ్చింది. తలుపు మూసి, మూటల మీద కూలబడి, రెండు చేతులతో బుగ్గలు రుద్దుకుంటూ, "అక్కా, కాసేపు ఇట్ట ఉండనీ" అంది. కాంతమ్మ తిట్టడం ఆపకుండానే కాస్త జరిగి చోటిచ్చింది.

నీ చెల్లెలు
రమ